కుక్కకాటు

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అని మనలో ఒక సామెత కలదు. చేసిన తప్పునకు తగిన శాస్తి వెంటనే జరుగవలెనని చెప్పుటకు పెద్దలు ఈ సామెతను వాడుదురు. లోకవ్యవహారమున ఇది చక్కగా చెల్లును. కాని నిజముగా కుక్క కఱచినప్పుడు చెప్పు చేతబట్టి దాని వెంట పరుగెత్తువాడు విలువైన కాలమును పోగొట్టుకొనును. ఆ సమయమున వానికి కావలసినది చెప్పు కాదు, నీరును, సబ్బును. ఈ చిన్న సంగతి తెలియక ఎందఱో ప్రాణములను కోల్పోయిరి. తెలిసి వెంటనే తగిన పని చేసియున్నచో వారిలో మిక్కిలి మంది బ్రతికియుండెడివారు. కావున ఈ విషయమును ప్రతి బాలుడును, ప్రతి బాలికయు నేర్చుకొనవలసియున్నది.

కుక్క మానవునకు అనాదిగా చెలికాడు. అది ఇంటిని కాచును, మందను మళ్ళించును, యజమాని అడుగుల చప్పుడు విని తోక యాడించును. మహాభారతమున ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోవుటకు ఒప్పుకొనలేదు. విశ్వాసమునకు మాఱుపేరుగా లోకము చెప్పుకొను ఈ జంతువునకు ఒక్కొక్కప్పుడు ఘోరమైన వ్యాధి సోకును. దానికి రేబిస్ అని పేరు. మన పల్లెలలో పిచ్చికుక్క యనియు, వెఱ్ఱికుక్క యనియు చెప్పునది ఈ వ్యాధి సోకిన కుక్కనే. ఇది క్రొత్తగా పుట్టిన వ్యాధి కాదు. మన ప్రాచీన వైద్యగ్రంథమగు సుశ్రుత సంహితలో కుక్క, నక్క మున్నగు జంతువులకు వచ్చు ఈ పిచ్చిని గూర్చియు, వానిచే కఱవబడినవాడు నీటిని చూచి భయపడుటను గూర్చియు చెప్పబడియున్నది. అట్లు నీటికి భయపడినవాడు బ్రతుకడని ఆనాటి వైద్యులే గుర్తించిరి.

ఈ వ్యాధికి కారణము కంటికి కనబడనంత సూక్ష్మమైన ఒక వైరసు. అది వ్యాధి సోకిన జంతువు చొంగలో నుండును. ఆ జంతువు కఱచినప్పుడు గాని, గోళ్ళతో రక్కినప్పుడు గాని, గాయమైన చోట నాకినప్పుడు గాని ఆ చొంగతోపాటు వైరసు మనిషి శరీరములోనికి ప్రవేశించును. అది రక్తములో కలిసి వేగముగా వ్యాపించునది కాదు. కొంతకాలము గాయమైన చోటనే యుండి, పిమ్మట సమీపముననున్న నరమును పట్టుకొని, దాని వెంబడి మెల్లమెల్లగా మెదడువైపు ప్రయాణము చేయును. సాధారణముగా వ్యాధి లక్షణములు బయటపడుటకు రెండు మూడు నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు వారము దినములలోనే బయటపడవచ్చును. ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటవచ్చును. ముఖము, మెడ, తల, చేతులు అను వీనిపై కాటు పడినచో భయము హెచ్చు. ఏలయన, ముఖమును మెడయు మెదడునకు దగ్గఱ. చేతులలో నరములు దట్టముగా నుండును. చిన్నపిల్లలు పొట్టివారగుటచేత కుక్కకాటు వారి ముఖమునకును, తలకును తగులుట కలదు. కావున పిల్లల విషయమున మఱింత జాగ్రత్త వలయును.

వైరసు మెదడును చేరిన తరువాత కథ ముగిసినట్లే. మొదట జ్వరము, తలనొప్పి వచ్చును. ఎప్పుడో మానిపోయిన గాయము చోట మంటయు, తిమ్మిరియు పుట్టును. కొన్నాళ్ళకు రోగి నీరు త్రాగబోవగా గొంతు కండరములు బిగిసికొని భరింపరాని బాధ కలుగును. పిమ్మట నీటిని చూచినను, నీటి చప్పుడు విన్నను, గాలి ముఖమునకు సోకినను అదే బాధ. అందుచేతనే దీనికి జలభయవ్యాధి యను పేరు కలిగెను. దాహముతో నాలుక పిడచకట్టుచుండగా చేతిలోని నీటిని త్రాగలేకపోవుట కంటె ఘోరమేమి కలదు? కొందఱిలో నీటిభయము లేకయే కాలుసేతులు చచ్చుపడును. ఏ రూపమున వచ్చినను, లక్షణములు కనబడిన పిదప ఈ వ్యాధిని కుదుర్చు మందు నేటికిని లేదు. ప్రపంచమున ప్రతి సంవత్సరము సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారని అంచనా. వారిలో ప్రతి పదిమందికి నలుగురు పదునైదేండ్ల లోపు పిల్లలు. మనుష్యులకు కలుగు ఈ వ్యాధిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు కుక్కలవలననే వచ్చుచున్నది.

అయినను భయపడవలసిన పని లేదు. వైరసు మెదడును చేరుటకు పట్టు ఆ దినములే మనకు దైవమిచ్చిన గడువు. ఆ గడువును వినియోగించుకొను మార్గమును కనిపెట్టిన మహనీయుడు ఫ్రాన్సు దేశస్థుడగు లూయీ పాశ్చరు. ఆయన 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ఒక తోళ్ళు ఊనువాని కుమారుడుగా జన్మించెను. ఆయన బాల్యము ఆర్బువా అను చిన్న ఊరిలో గడచెను. 1831లో ఆ ప్రాంతమున పిచ్చిపట్టిన తోడేలొకటి కనబడినవారినందఱిని కఱచెను. ఆ కాలమున తెలిసిన చికిత్స ఒక్కటే: ఇనుపకడ్డీని ఎఱ్ఱగా కాల్చి గాయమునకు వాత పెట్టుట. గాయపడినవారిని కమ్మరి కొలిమికి కొనిపోయి వాతలు పెట్టుచుండగా తొమ్మిదేండ్లయినను నిండని పాశ్చరు ఆ దృశ్యమును చూచెను. అంత బాధ పడియు వారిలో పలువురు మరణించిరి. ఆ కేకలు ఆయన చెవులలో ఏండ్ల తరబడి మ్రోగుచుండెను.

పాశ్చరు వైద్యుడు కాడు, రసాయనశాస్త్రజ్ఞుడు. అయినను సూక్ష్మజీవులవలన వ్యాధులు కలుగుచున్నవని నిరూపించినవారిలో ఆయన అగ్రగణ్యుడు. రేబిస్ వ్యాధికి కారణమైన వైరసు ఆనాటి సూక్ష్మదర్శినికి కనబడలేదు. కాని అది నరములలోను, మెదడులోను నివసించునని ఆయనయు, ఆయన సహచరులును గ్రహించిరి. వ్యాధితో చచ్చిన కుందేలు వెన్నుపామును తీసి, గాజుబుడ్డిలో పొడిగాలికి ఆరవేసిరి. దినదినమునకు దానిలోని విషశక్తి తగ్గి, సుమారు పదునాలుగు దినములకు అది నిర్వీర్యమయ్యెను. మొదట నిర్వీర్యమైనదానిని, మఱునాడు దానికంటె కొంచెము బలముగలదానిని, ఇట్లు క్రమముగా కుక్కలకు సూదితో ఎక్కించి చూచిరి. ఆ కుక్కలకు వ్యాధి సోకలేదు. కాని మనుష్యునిపై ఈ ప్రయోగము చేయుటకు పాశ్చరు సాహసింపలేకపోయెను.

అట్టి సమయమున, 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన ఆల్సేసు ప్రాంతమునుండి ఒక తల్లి తొమ్మిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని పారిసు నగరమునకు వచ్చెను. ఆ బాలుని పేరు జోసెఫ్ మైస్టర్. రెండు దినములకు ముందు ఒక పిచ్చికుక్క వానిని క్రిందపడవేసి పదునాలుగు చోట్ల కఱచెను. ఒక తాపీపనివాడు ఇనుపకడ్డీలతో దానిని తఱిమి బాలుని కాపాడెను. పాశ్చరు ఇద్దఱు వైద్యులను సంప్రదించెను. చికిత్స చేయనిచో బాలుడు మరణించుట నిశ్చయమని వారు చెప్పిరి. ఆ సాయంకాలమే మొదటి సూది వేసిరి. పది దినములలో పదమూడు సూదులు. దినదినము మందు బలము పెరుగుచుండగా పాశ్చరునకు రాత్రులయందు నిద్ర పట్టలేదు. బాలుడు మాత్రము ఆడుచు పాడుచు నుండెను. వారములు గడచెను, నెలలు గడచెను. వ్యాధి రాలేదు. జోసెఫ్ మైస్టర్ బ్రతికెను. పెద్దవాడైన పిదప పాశ్చరు పేర వెలసిన సంస్థలోనే అతడు కావలివాడుగా పనిచేసెను.

ఆ సంవత్సరము అక్టోబరులో జ్యూపీయ్ అను పదునైదేండ్ల గొఱ్ఱెలకాపరి ఒకడు వచ్చెను. చిన్నపిల్లలపైకి వచ్చుచున్న పిచ్చికుక్కకు అడ్డుపడి, దానితో పెనగి, వారిని రక్షించి తాను గాయపడిన వీరబాలుడతడు. కాటు పడిన ఆఱవ దినమున వానికి చికిత్స ఆరంభమయ్యెను. అతడును బ్రతికెను. పిల్లలను కాపాడుటకు కుక్కతో పెనగుచున్న ఆ బాలుని విగ్రహము నేటికిని పారిసులోని పాశ్చరు సంస్థలో నిలిచియున్నది.

కాని నవంబరులో వచ్చిన పదేండ్ల బాలిక కథ వేఱు. ఆమె పేరు లూయీజ్ పెల్తియే. కుక్క ఆమె తలపై కఱచెను. తలిదండ్రులు ఆమెను కొనివచ్చునప్పటికి ముప్పదియేడు దినములు గడచిపోయెను. ఇంత ఆలస్యమైన పిదప ఫలితముండదని పాశ్చరునకు తెలియును. చికిత్స విఫలమైనచో లోకము తన మందునే నిందించుననియు తెలియును. అయినను ఆ తలిదండ్రుల దుఃఖమును చూచి కాదనలేకపోయెను. డిసెంబరు 3వ తేదీన ఆ బాలిక మరణించెను. మందు అదే, వైద్యులు వారే. మైస్టరు రెండు దినములకు వచ్చెను. జ్యూపీయ్ ఆఱు దినములకు వచ్చెను. ఆ బాలిక ముప్పదియేడు దినములకు వచ్చెను. ఈ మూడు కథలను ఎదురెదురుగా నుంచి చూచినచో కుక్కకాటు విషయమున ఆలస్యము ఎంత ప్రమాదకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన దేశమున ఈ చికిత్సకై మొదటి పాశ్చరు సంస్థ 1900లో హిమాలయ సానువులలోని కసౌలీయందు స్థాపింపబడెను. అప్పుడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండెను. ఇచ్చట పిచ్చికుక్క కఱచినవాడు చికిత్స కావలెనన్నచో దేశము ఆ చివరనున్న కసౌలీకి దినముల తరబడి రైలులో ప్రయాణము చేయవలసియుండెను. అంత స్తోమత ఎందఱికుండును? ఈ కొఱతను తీర్చుటకై 1907 ఏప్రిలులో నీలగిరులలోని కూనూరునందు దక్షిణ భారతమునకు పాశ్చరు సంస్థ ఏర్పడెను. హెన్రీ ఫిప్స్ అను అమెరికా దేశపు దాత యిచ్చిన ధనములో కొంత దీనికి వినియోగింపబడెను. 1911లో కసౌలీయందు డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు గొఱ్ఱె మెదడునుండి సులభముగా తయారగు టీకామందును రూపొందించెను. బొడ్డుచుట్టు పొట్టపై పది మొదలు పదునాలుగు వఱకు సూదులు వేయించుకొనవలెనని మన తాతలు చెప్పుకొనుచుండినది ఈ మందును గూర్చియే. ఆ సూదులు మిక్కిలి బాధించుచుండెను. అరుదుగా ప్రమాదమును గూడ కలిగించుచుండెను. 2005 నాటికి మన దేశమున దాని వాడుక నిలిచిపోయెను. నేడు వాడు టీకా వేఱు. అది కణములలో పెంచి శుద్ధిచేసిన వైరసునుండి తయారగును, చేతికి వేయుదురు, సూదులు కొద్ది, బాధ స్వల్పము. అయినను పొట్టచుట్టు పదునాలుగు సూదులను భయము నేటికిని కొందఱి మనస్సులలో మిగిలియున్నది. ఆ భయముచే ఆసుపత్రికి పోకుండుట తగదు.

ఇక కుక్క కఱచినప్పుడు చేయవలసిన పనులేవో చూతము. ఒక బాలుడు బడి విడిచిన పిదప ఇంటికి పోవుచున్నాడనుకొందము. వీధి మలుపున పిల్లలను కన్న కుక్క యొకటి వాని పిక్కను పట్టి విడిచినది. గాయము చిన్నది, నాలుగు రక్తపు బొట్లు మాత్రము కారినవి. ఇంటిలో చెప్పినచో తిట్టుదురేమోయనియు, సూది వేయింతురేమోయనియు వాడు జంకును. మేజోడు పైకి లాగి గాయమును కప్పివేయును. రెండు దినములకు గాయము ఎండిపోవును. ఎవరికిని తెలియదు. ఇట్లు దాచిన గాయమువలన నెలల తరువాత ప్రాణము పోయిన పిల్లలు కలరు. కుక్కకాటులో పెద్ద ప్రమాదము కోఱలలో కంటె దాచుటలోనే యున్నది. కావున కుక్క కఱచినను, రక్కినను, గాయముపై నాకినను ఆ క్షణముననే తల్లికి గాని, తండ్రికి గాని, ఉపాధ్యాయునకు గాని చెప్పవలెను. పెద్దలును అట్టివేళ పిల్లలను గద్దింపరాదు. గద్దించిన పెద్దలకు పిల్లలు మఱియొకమాఱు నిజము చెప్పరు.

చెప్పిన పిదప మొదటి పని గాయమును కడుగుట. కుళాయి క్రింద గాని, బోరింగు క్రింద గాని, చెంబుతో ధారగా పోయుచు గాని, సబ్బు నురుగుతో పదునైదు నిమిషములు తగ్గకుండ కడుగవలెను. గడియారము లేనిచో మెల్లగా ఒకటి మొదలు నూఱు వఱకు తొమ్మిది మాఱులు లెక్కింపవచ్చును. ఒంటిసబ్బు దొరకనిచో బట్టల సబ్బయినను చాలును. ఏ సబ్బును దొరకనిచో ఉత్త నీటితోనే కడుగవలెను. ఇంత సామాన్యమైన పనికి ఇంత ప్రాధాన్యమేలయని కొందఱు సంశయింపవచ్చును. ఈ వైరసు పైపొరలో కొవ్వు కలదు. జిడ్డుపాత్రను సబ్బు శుభ్రపఱచునట్లే ఈ కొవ్వుపొరను గూడ సబ్బు కరిగించును. పొర కరిగిన వైరసు నశించును. మిగిలినదానిని నీటిధార కొట్టుకొనిపోవును. నరమును చేరకముందే శత్రువులో అధికభాగమును ఇట్లు తఱిమివేయవచ్చును. కడిగిన పిదప పోవిడోన్ అయొడిన్ వంటి క్రిమిసంహారక ద్రవమున్నచో పూయవలెను. గాయమును బిగించి కట్టు కట్టరాదు.

రెండవ పని ఆ దినముననే వైద్యుని చూచుట. ప్రభుత్వ ఆసుపత్రులలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను ఈ టీకాను ఉచితముగా వేయుదురు. వైద్యులు కాటును మూడు తరగతులుగా విభజింతురు. చర్మము చెదరక యుండగా కుక్కను తాకుట, అది చర్మముపై నాకుట మొదటి తరగతి. దీనికి టీకా అక్కఱలేదు, కడిగికొనిన చాలును. రక్తము రాకుండ రక్కుట, పంటితో గీరుట రెండవ తరగతి. దీనికి గాయమును కడిగి వెంటనే టీకా వేయవలెను. చర్మము తెగి రక్తము వచ్చునట్లు కఱచుట, గీరుట, తెగిన చర్మముపై గాని, కన్ను నోరు మున్నగు మెత్తని భాగములపై గాని చొంగ పడుట మూడవ తరగతి. దీనికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ అను మందును గాయము లోపలను, చుట్టును ఎక్కింపవలెను. టీకా శరీరమునకు యుద్ధము నేర్పును. కాని నేర్చుకొనుటకు కొన్నిదినములు పట్టును. ఆ లోపల శత్రువును గాయము చోటనే నిలువరించు సిద్ధసైన్యమే ఇమ్యునోగ్లోబులిన్. వీలైనంతవఱకు గాయమునకు కుట్లు వేయరు. తప్పనిచో ఈ మందు ఎక్కించిన తరువాతనే వేయుదురు. ధనుర్వాతము రాకుండ వేయవలసిన సూదిని గూర్చియు వైద్యుడే చెప్పును.

మొదటి సూది వేసిన దినమును సున్నగా లెక్కింతురు. కండలోనికి వేయు పద్ధతిలో 0, 3, 7, 14, 28 దినములలో అయిదు మాఱులు వేయుదురు. చర్మపు పొరలలోనికి వేయు పద్ధతిలో 0, 3, 7, 28 దినములలో, ప్రతిమాఱును రెండుచోట్ల వేయుదురు. ఏ పద్ధతియైనను చెప్పిన తేదీలు తప్పరాదు. గాయము మానినదని రెండు సూదులతో మానివేయువారు కలరు. మానినది చర్మము మాత్రమే. లోపల వైరసున్నదో లేదో కంటికి కనబడదు. ఈ టీకాకు పథ్యము లేదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, పసిపిల్లలును నిస్సంశయముగా వేయించుకొనవచ్చును.

మూడవ పని కఱచిన కుక్కను కనిపెట్టియుండుట. అది పెంపుడు కుక్కయైనచో, లేక వీధిలో తెలిసిన కుక్కయైనచో దానిని చంపరాదు. పది దినములు దూరమునుండి గమనింపవలెను. రేబిస్ సోకి చొంగలో వైరసు కలిగిన కుక్క సాధారణముగా ఆ పది దినములలోపల జబ్బు లక్షణములు చూపి చచ్చును. పది దినముల తరువాతను అది ఆరోగ్యముగా నున్నచో మిగిలిన సూదులను మానుటను గూర్చి వైద్యుడు నిర్ణయించును. కాని కుక్క సంగతి తేలువఱకు సూది వేయించుకొనక వేచియుండుట ప్రాణాపాయము. చికిత్స మొదట; కుక్కను చూచుట పిదప. పిల్లి, కోతి, ముంగిస, నక్క మున్నగు జంతువులు కఱచినను ఇట్లే వెంటనే వైద్యుని చూడవలెను. పది దినములు గమనించుట కుక్కకును, పిల్లికిని మాత్రమే వర్తించును.

చేయదగని పనులు కూడ కొన్ని కలవు. గాయముపై కారము, పసుపు, సున్నము, కాఫీపొడి, నూనె, ఆకుపసరు మున్నగునవి పూయుట మన పల్లెలలో కనబడుచున్నది. ఇవి గాయమును మండించి వైరసును లోలోపలికి తోయునే కాని చంపవు. ఎవరైనను అట్లు పూసియున్నచో దానిని కడిగివేసి సబ్బుతో మరల శుభ్రపఱుపవలెను. కొందఱు మంత్రము వేయించి, తాయెత్తు కట్టించి ఊరకుందురు. "ఫలానావాడు పసరు పోసెను, మాకు నయమైనది" అని సాక్ష్యము చెప్పువారును కలరు. వారు అబద్ధమాడుట లేదు. కాని కఱచిన ప్రతి కుక్కయు పిచ్చిది కాదు. పిచ్చి లేని కుక్క కఱచినచో పసరు పోసినను, పోయకున్నను రేబిస్ రాదు. ఆ రాకుండుటను పసరు మహిమగా తలంతురు. నిజముగా పిచ్చికుక్క కఱచి, పసరును నమ్మి మరణించినవాడు వచ్చి సాక్ష్యము చెప్పలేడు గదా!

పిచ్చికుక్కను గుర్తించుట అన్నివేళల సులభము కాదు. చొంగ కార్చుచు, గొంతు మాఱి, కారణము లేక కనబడినదాని నెల్ల కఱచుచు తిరుగు కుక్కను ఎవరైనను గుర్తింతురు. కాని ఈ వ్యాధికి మూగరూపము కూడ కలదు. కుక్క చీకటి మూలకు చేరి, దవడ వ్రేలవేసి, మ్రింగలేక గొంతులో ఎముక చిక్కినట్లు కనబడును. జాలిపడి దాని నోటిలో చేయిపెట్టినవారు ఆపదను కొనితెచ్చుకొందురు. ఆవులు, గేదెలు కూడ పిచ్చికుక్క కాటువలన ఈ వ్యాధికి లోనగును. మేత మ్రింగలేని పశువు నోటిలో చేయిపెట్టక పశువైద్యుని పిలువవలెను.

వచ్చిన ఆపదను దాటుట కంటె రాకుండ చూచుకొనుట మేలు. "మొఱిగెడు కుక్క కఱవదు" అను మాటను నమ్మి మొఱుగుచున్న కుక్క దగ్గఱకు పోరాదు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలకు పాలిచ్చు కుక్కను కదలింపరాదు, రాళ్ళు ఱువ్వరాదు, తోక లాగరాదు. కుక్క మీదికి వచ్చినప్పుడు పరుగెత్తినచో అది వెంటబడును. దాని కన్నులలోనికి చూడక, చేతులు దగ్గఱగా పెట్టుకొని చెట్టువలె కదలక నిలువవలెను. క్రిందపడినచో ముడుచుకొని ముఖమును, చెవులను, మెడను చేతులతో కప్పుకొనవలెను. పెంపుడు కుక్కకు సుమారు మూడవ నెలలో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల మరల వేయించుచుండవలెను. ఒక ప్రాంతమునందలి కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా వేసినచో వ్యాధి వ్యాప్తి ఆగిపోవునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. గోవా రాష్ట్రము ఈ మార్గమున పెక్కేండ్లు కృషిచేసి 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతముగా ప్రకటింపబడెను. కుక్కలవలన మనుష్యులకు వచ్చు రేబిస్ మరణములను 2030 నాటికి రూపుమాపవలెనని మన దేశము లక్ష్యముగా పెట్టుకొన్నది.

లూయీ పాశ్చరు 1895 సెప్టెంబరు 28వ తేదీన మరణించెను. ఆ దినమునే ప్రపంచ రేబిస్ దినముగా జరుపుచున్నారు. కొలిమి యొద్ద బాలుడుగా విన్న కేకలను మఱువక, ఏబది సంవత్సరములు దాటిన పిదప వానికి సమాధానము చెప్పిన మహానుభావుడాయన. ఆయన శ్రమఫలము నేడు మన ఊరి ఆరోగ్య కేంద్రములో ఒక చిన్న సీసాలో నున్నది. దానిని అందుకొనుటకు మనము చేయవలసినవి మూడే పనులు: దాపఱికము లేక చెప్పుట, పదునైదు నిమిషములు కడుగుట, ఆ దినముననే ఆసుపత్రికి పోవుట. ఈ మూడు పనులను నేర్చిన బాలుడు తన ప్రాణమునే కాదు, తన తమ్ముని ప్రాణమును, పొరుగువాని ప్రాణమును గూడ కాపాడగలడు.

ప్రశ్నలు

1. రేబిస్ వైరసు శరీరములో ఏ మార్గమున ప్రయాణము చేయును? అది మెల్లగా పోవుట మనకెట్లు మేలు చేయుచున్నది?
2. మైస్టరు, జ్యూపీయ్, పెల్తియే అను ముగ్గురి కథలను పోల్చి, వానివలన తెలిసికొనవలసిన నీతిని వ్రాయుము.
3. కుక్కకాటు గాయమును సబ్బుతోనే కడుగవలెనని చెప్పుటకు కారణమేమి?
4. పసరువలన కుక్కకాటు నయమైనదని కొందఱు ఏల నమ్ముచున్నారు? ఆ నమ్మకములోని పొరపాటేమి?
5. నీ స్నేహితునికి కుక్క కఱచినది. వాడు ఇంటిలో చెప్పుటకు భయపడుచున్నాడు. నీవు వానితో ఏమి చెప్పుదువు? ఏమి చేయుదువు?